ఒప్పుకున్నది కదా, తప్పేముంది?

(పాఠకుల ప్రశ్నలకు జవాబులు. వరంగల్‌లో చాలా ఏళ్ళు ఎయిడ్స్ కౌన్సెలర్‌గా పనిచేసి రిటైరైన మా అక్కయ్య రాస్తున్న శీర్షిక. ఉత్తరాలు రాసినవారి పేర్లు వేయడం లేదు.)

ప్రశ్న: అక్కా, నమస్తే. నాకు 41 ఏళ్ళు. పరకాల దగ్గర ఎరువులు, పురుగుమందుల దుకాణం నడుపుతున్నాను. టార్గెట్ దాటినందుకు పోయినేడు ఒక కంపెనీ మా డీలర్లను పట్టాయ టూర్ తీసుకపోయింది. అందరితో పాటు నేను కూడా బార్లుండే వీధికి పోయిన. ఒకామెను రూముకు తీసుకొచ్చుకున్న. మంచిగనే మాట్లాడింది, నవ్వింది, ఫోన్‌లో తన బిడ్డ ఫోటో చూపించింది. అడిగినంత ఇచ్చి పైన కూడా కొంత ఇచ్చిన. తిరిగొచ్చినప్పటి నుంచి ఆ ఫోటోనే కళ్ళల్ల మెదులుతుంది. దోస్తులకు చెప్తే, "జబర్దస్తీ చేసినవా? పైసలిచ్చినవ్, ఆమె తీసుకున్నది, లెక్క అయిపోయింది" అంటున్నరు. వాళ్ళ గ్రూపులో ఎవరు తక్కువకు మాట్లాడుకున్నారన్నదే ఇప్పటికీ ముచ్చట. ఈ ఏడు మళ్ళీ టూర్ ఉంది. ఆమె ఒప్పుకున్నంక నాకెందుకు ఈ టెన్షన్? ఇంట్లో చెప్పాలా?

జవాబు: తమ్ముడూ, ముందు ఒంటి సంగతి చూద్దాం. మూడు నెలలు దాటి ఉంటే హెచ్‌ఐవీ పరీక్ష ఒక్కసారి చేయించుకుంటే తేలిపోతుంది. దాటకపోతే ఇప్పుడొకసారి, మూడు నెలలు నిండాక ఇంకోసారి. ఎంజీఎంలో, ఏరియా ఆసుపత్రుల్లో ఐసీటీసీ అని గది ఉంటుంది, డబ్బు కట్టక్కర్లేదు. నీ పేరు బయటపెట్టడానికి 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం ఒప్పుకోదు. వెళ్ళేముందు ఎవరితోనైనా మాట్లాడాలనుంటే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చెయ్యి. సిఫిలిస్, హెపటైటిస్-బి పరీక్షలు కూడా అడిగి చేయించుకో. అన్నీ తేలేదాకా ఇంట్లో కండోమ్ లేకుండా వద్దు.

కండోమ్ ఎందుకని మీ ఆవిడ అడుగుతుంది. అందుకే చెప్పాలా వద్దా అన్నదానికి నా జవాబు చెప్పాలనే. ఆమె ఒంటికి ముప్పు ఉందో లేదో నీకు తెలిసి ఆమెకు తెలియకపోవడం న్యాయం కాదు. తాగి చెప్పకు, అమ్మానాన్నల ముందు చెప్పకు. నోరు రాకపోతే ఐసీటీసీలో కౌన్సెలర్ మీ ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడతారు, అది వాళ్ళ పనే. ఆమె ఏడ్చినా, పుట్టింటికి పోతానన్నా, అది ఆమె హక్కు. సర్దుకొమ్మని ఆమెకు నేను చెప్పను.

ఇక నువ్వు అడిగిన అసలు సంగతి. జబర్దస్తీ చేయలేదన్నావు, నమ్ముతాను. ఆమెకు బుద్ధి లేదనీ, ఎవరో ఆడించిన బొమ్మ అనీ కూడా నేను అనను. నా గదికి వచ్చి కూర్చున్న ఆడవాళ్ళలో ఒక్కరు కూడా తెలివితక్కువవాళ్ళు కాదు. ఇంటి కిరాయి, పిల్లల ఫీజు, తల్లి మందులు, లాడ్జివాడి వాటా అన్నీ వేళ్ళ మీద లెక్కగట్టి చెప్పేవాళ్ళు. ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి వచ్చే రోజుల్లో చేతినిండా రొక్కంతో మనుషులు ఊళ్ళో తిరుగుతారు. అలాంటి సీజన్‌లో వచ్చిన ఒకామె చెప్పింది. కండోమ్ లేకుండా అంటే వద్దంటుందట. ఐదొందలు ఎక్కువిస్తానన్నా వద్దే అంటుందట. వెయ్యి అన్నప్పుడు మాత్రం పిల్లగాని ఫీజు యాదికొస్తదట. హెచ్‌ఐవీ అంటే ఏమిటో ఆమెకు నాకంటే తక్కువేమీ తెలియదు. తెలిసే ఒప్పుకుంది. ఆ వెయ్యి ఇచ్చినవాడికి ఒక పూట ఖర్చు, ఆమెకు పిల్లవాడి చదువు. ఆ రెండింటి మధ్య ఉన్న తేడాను అతను కొన్నాడు. పట్టాయలో నువ్వు కొన్నదాంట్లో కూడా పెద్ద భాగం అదే.

ఆ ఊరు అట్లా తయారు కావడానికి ఒక చరిత్ర ఉంది. అది ఒకప్పుడు చేపలు పట్టుకునే పల్లె. పక్కనే ఊటపావ్ విమానస్థావరం. వియత్నాం యుద్ధంలో అమెరికా సైనికులకు అక్కడ విశ్రాంతి సెలవులు ఇచ్చేందుకు 1967లో రెండు ప్రభుత్వాలు ఒప్పందం రాసుకున్నాయి. సైనికుల జేబుల్లో డాలర్లు, చుట్టూ పేద జనం. బార్లు లేచాయి, హోటళ్ళు లేచాయి. యుద్ధం అయిపోయి సైనికులు వెళ్ళాక ఆ ఖాళీని పర్యాటకులతో నింపారు. అక్కడ పనిచేసే ఆడవాళ్ళు ఎక్కువగా ఈసాన్ నుంచి, అంటే ఆ దేశపు ఈశాన్య భాగం నుంచి వస్తారు. వానల మీద ఆధారపడ్డ వరి భూములు, అప్పులు, ఇంటికి డబ్బు పంపడం బిడ్డల బాధ్యత అనే నమ్మకం. పిల్లలు ఊళ్ళో అమ్మమ్మల దగ్గర పెరుగుతారు. నువ్వు ఫోన్‌లో చూసిన బిడ్డ కూడా అట్లాగే ఉండి ఉండొచ్చు.

అక్కడ రోజు కనీస కూలి 2013లో దేశమంతటా 300 బాత్‌లు చేశారు. ఇప్పటికీ చాలా జిల్లాల్లో 400 లోపే, మన లెక్కలో వెయ్యి రూపాయల చుట్టుపక్కల. నువ్వు ఒక్క రాత్రికి ఇచ్చింది ఎన్ని రోజుల ఫ్యాక్టరీ కూలో నువ్వే లెక్కగట్టు. అంత డబ్బు ఎదురుగా పెట్టినప్పుడు, ఈ మనిషి నాకు నచ్చలేదు అనడం ఆమెకు ఎంత ఖరీదైన పనో అర్థమవుతుంది. ఆమెను బయటికి తీసుకురావడానికి బార్‌కు వేరే కట్టి ఉంటావు, దాన్ని బార్ ఫైన్ అంటారు. ఇంకో సంగతి. 1996 నాటి చట్టం ప్రకారం అక్కడ ఈ పని నేరం. వీధి వీధంతా లైట్లు వెలుగుతున్నా కాగితం మీద నేరమే. అంటే నువ్వు డబ్బు ఎగ్గొట్టినా, కొట్టినా ఆమె పోలీస్ స్టేషన్‌కు పోవాలంటే వంద సార్లు ఆలోచించాలి. నువ్వు అట్లాంటివాడివి కాదు, ఒప్పుకుంటాను. కానీ నువ్వు మంచివాడివో కాదో తలుపు మూసేదాకా ఆమెకు తెలియదు. తెలిశాక వెనక్కి పోయే దారి లేదు.

నీ కౌంటర్ ముందు నిలబడే రైతును తలుచుకో. పత్తికి గులాబీ పురుగు పట్టింది, చేతిలో పైసల్లేవు. నువ్వు ఉద్దెర ఇస్తావు. రేటు కొంత ఎక్కువ, పైన మిత్తి, పంట నీకే వేయాలని మాట. సరే అంటాడు. దండం పెట్టి మరీ పోతాడు. మెడ మీద ఎవరూ కత్తి పెట్టలేదు. కానీ అదే రైతు రొక్కంతో వచ్చిన రోజు ఎట్లుంటాడు? పక్క దుకాణంలో రేటు కనుక్కొని వస్తాడు, డబ్బా మీద తేదీ చూస్తాడు, నచ్చకపోతే ఎల్లిపోతాడు. ఉద్దెర రైతు అన్న 'సరే'లో ఎంత బలవంతం కలిసి ఉంటుందో నీకంటే బాగా తెలిసినవాళ్ళు మన జిల్లాలో తక్కువ. పట్టాయలో ఆమె అన్న 'సరే'ను కూడా ఆ కళ్ళతోనే చూడు. నీకు టెన్షన్ ఎందుకంటే, నువ్వు అది చూశావు. నీ దోస్తులు చూడదలచుకోలేదు. తక్కువకు మాట్లాడుకున్నానని గొప్ప చెప్పుకునే ఆ ముచ్చట చదివితే నాకు ఒళ్ళు మండిపోయింది. ఆమె అవసరం ఎంత లోతుగా ఉందో కనిపెట్టి అక్కడిదాకా రేటు దించడం కాదా అది? పైన ఇచ్చినందుకు నిన్ను తప్పుపట్టను. అయితే దాంతో నీ మనసు తేలికపడలేదని నువ్వే రాశావు.

ఈ టూర్ డబ్బు ఎక్కడిదో కూడా ఆలోచించు. కంపెనీ తన ఇంట్లోంచి తేలేదు. నువ్వు అమ్మిన ప్రతి డబ్బా రేటులో అది ఉంది, ఆ డబ్బాల్లో సగం ఉద్దెరకే పోయి ఉంటాయి. పరకాల రైతు అప్పూ, ఈసాన్ రైతు బిడ్డ అవసరమూ నీ టికెట్ మీద కలిశాయి. ఈ ఏడు టూర్ వద్దని, దాని బదులు క్రెడిట్ నోట్ ఇవ్వమని కంపెనీ మనిషిని అడుగు. డీలర్లు అట్లా తీసుకోవడం కొత్తేమీ కాదు. అందులో కొంత ఉద్దెర ఖాతాల్లో మిత్తి తగ్గించడానికి వాడగలిగితే చాలా సంతోషిస్తాను.

ప్రశ్న: మేడం గారికి నమస్కారాలు. హనుమకొండలో ఉంటున్న రిటైర్డ్ టీచర్‌ను. మా బంధువుల పిల్లలు ఉద్యోగాలు రాగానే థాయిలాండ్ అంటున్నారు. ఇప్పుడు వీసా కూడా అక్కర్లేదట. ఆ దేశపు సంస్కృతే అటువంటిది, అక్కడి ఆడవాళ్ళకు సిగ్గూ శరం లేవు. మన దగ్గర ఇటువంటివి ఎన్నడూ లేవు. మన పిల్లలను చెడగొడుతున్నది వాళ్ళే అని నా అభిప్రాయం. మీరేమంటారు?

జవాబు: సార్, మీ మీద గౌరవంతోనే గట్టిగా చెబుతున్నాను, ఈ అభిప్రాయం మార్చుకోండి. ఇక్కడి నుంచి విమానం ఎక్కి వెళ్ళేది మన పిల్లలు. ఆమె మన ఊరికి రాలేదు.

మన దగ్గర లేవన్నారు. దొరల గడీల్లో ఆడబాపల గురించి మీ ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పే ఉంటారు. దొర కూతురు అత్తగారింటికి పోతుంటే వెంట దాసీగా పంపిన పేదింటి పిల్లలు, పెళ్ళి లేకుండా, గడీలోని మగవాళ్ళ ఇష్టానికి వదిలేసిన బతుకులు. వాళ్ళు ఎదురు చెప్పినట్టు కాగితాల్లో కనబడదు కాబట్టి ఒప్పుకున్నారని అందామా? 1946లో కడవెండిలో దొడ్డి కొమురయ్య తూటాకు బలైనప్పుడు జనం తిరగబడింది ఇట్లాంటి వెట్టి మీదే. నిజామాబాద్ వైపు దళిత ఆడపిల్లలను దేవత పేరున జోగినులుగా విడిచి, ఊరి పెద్దలు వాడుకున్నారు. హేమలతా లవణం గారు ఆ పల్లెల్లో ఎన్నో ఏళ్ళు పనిచేశారు. దాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది 1988లో, అంటే మీరు ఉద్యోగంలో ఉన్న కాలంలోనే.

హైదరాబాద్ పాతబస్తీ సంగతి మీకు తెలియనిది కాదు. 1991లో విమానంలో ఏడుస్తున్న పదేళ్ళ పిల్లను ఎయిర్ హోస్టెస్ ఒకావిడ గమనించబట్టి దేశానికి తెలిసింది. అరవై ఏళ్ళ సౌదీ మనిషి ఆ పిల్లను పెళ్ళి చేసుకున్నానని తీసుకుపోతున్నాడు. ఆ తర్వాత కూడా ఆగలేదు. 2017లో ఒమన్, ఖతార్ దేశాల మగవాళ్ళు ఎనిమిది మందిని, వాళ్ళకు నిఖా చదివిన ఖాజీలను హైదరాబాద్ పోలీసులు అరెస్టు చేశారు. హోటల్ గదిలో నిఖా, వీసా అయిపోయేలోపు తలాక్. ఆ మగవాళ్ళు కూడా తమ దేశానికి పోయి, హైదరాబాద్ సంస్కృతే అంత, తల్లిదండ్రులే డబ్బు తీసుకొని ఇస్తారు అని చెప్పుకొని ఉంటారు. ఆ మాట వింటే మనకు ఎట్లా ఉంటుంది సార్? ఒక బస్తీలోని ఇళ్ళ పేదరికాన్ని సంస్కృతి అని పిలిస్తే కొనేవాడి చేతికి మట్టి అంటదు. మీ బంధువుల పిల్లలకు థాయి ఆడవాళ్ళ సిగ్గు గురించి కాకుండా ఈ సంగతులు చెప్పండి. మీరు టీచర్, మీరు చెబితే వింటారు.

ప్రశ్న: అక్కా, మాది కోరుట్ల మండలం. ఖతార్‌లో చాలా ఏళ్ళు కన్‌స్ట్రక్షన్ పని చేసి వచ్చిన. పేద ఆడవాళ్ళ దగ్గరికి డబ్బున్నోడు పోవుడు తప్పు అని అందరూ అంటరు. నేను కూడా ఒళ్ళు అమ్ముకునే బతికిన కదా. ఎండల కాలిపోయిన, నడుము పోయింది. ముంబైల ఏజెంట్ ముందు సంతకం పెట్టేటప్పుడు నా మీద మూడు లక్షల అప్పుంది. నన్ను చూసి జాలిపడి, రేపటి నుంచి పని ఇయ్యొద్దు అని ఎవరన్నా అంటే నా ఇల్లే ఆగమైతుండె. మరి ఆ ఆడవాళ్ళ దగ్గరికి ఎవరూ పోకుంటే వాళ్ళ ఇంటికి పైసలు ఎవరు పంపాలె?

జవాబు: తమ్ముడూ, ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది నీదే. నువ్వు చెప్పినదాంట్లో చాలా నిజం ఉంది. 2020లో కరోనాకు థాయిలాండ్ సరిహద్దులు మూసినప్పుడు కొనేవాళ్ళంతా ఒక్కసారిగా మాయమయ్యారు. నీతిమంతులైపోయి కాదు, విమానాలు లేక. ఆడవాళ్ళు ఆకలితో ఊళ్ళకు పోయారు. అక్కడి ప్రభుత్వం అసంఘటిత కార్మికులకు నెలకు 5,000 బాత్‌ల చొప్పున మూడు నెలలు ఇచ్చింది. కానీ నేరంగా రాసి ఉన్న పని పోయిందని దరఖాస్తులో ఎట్లా చూపిస్తారు? చాలామందికి అందలేదు. కొనేవాళ్ళు రాకపోవడం ఒక్కటే ఆమెను బతికించదని నువ్వన్నది ఒప్పుకుంటాను.

అయితే నీ కథే ఇంకొంచెం ముందుకు చెప్పుకుందాం. ఖతార్‌లో నిన్ను బాధపెట్టింది పని ఒక్కటే కాదు కదా. పాస్‌పోర్ట్ కంపెనీ దగ్గర, వేరే కంపెనీకి మారాలంటే పాత కంపెనీ ఎన్‌ఓసీ కావాలి. పారిపోయినవాళ్ళను మీరే ఖల్లివెల్లి అంటారు, వాళ్ళు దొంగల్లా దాక్కొని బతకాలి. 2020లో ఖతార్ ఆ ఎన్‌ఓసీ నిబంధన తీసేసింది. దాంతో అన్నీ బాగుపడలేదు, మీవాళ్ళు ఇప్పటికీ జీతాల కోసం తిరుగుతున్నారు. కానీ నచ్చని యజమానిని వదిలిపోయే హక్కు కాగితం మీదికి వచ్చింది. సూపర్‌వైజర్ మంచివాడైతే నీకు ఆ రోజు చాయ్ దొరికేది. హక్కు మాత్రం అతని మంచితనం వల్ల రాలేదు.

ఆ ఆడవాళ్ళకు కూడా అదే కావాలి. న్యూజిలాండ్‌లో 2003 చట్టం ఏమంటుందంటే, ముందు ఒప్పుకున్నా సరే, ఏ క్షణంలోనైనా వద్దనే హక్కు ఆమెకు ఉంది. అక్కడ యజమాని లైంగికంగా వేధించాడని ఒక సెక్స్ వర్కర్ కేసు వేసి 2014లో గెలిచింది, నష్టపరిహారం తీసుకుంది. అక్కడ కూడా తాత్కాలిక వీసా మీద వచ్చిన ఆడవాళ్ళకు ఈ రక్షణ సరిగ్గా అందదు, అంటే వలస వచ్చిన పేదామె మళ్ళీ బయటే. స్వీడన్ 1999లో వేరే దారి పట్టింది, కొనడం నేరం, అమ్మడం కాదు. థాయిలాండ్‌లో 1985 నుంచి పనిచేస్తున్న ఎంపవర్ అనే సంఘం, మా పనిని నేరం జాబితాలోంచి తీసేసి కార్మిక చట్టం కిందికి తెమ్మని అడుగుతోంది. ఊరికే అడగలేదు. చియాంగ్ మాయ్‌లో 2006లో తామే ఒక బార్ పెట్టి, సెలవులు, సామాజిక బీమా ఇచ్చి నడిపి చూపించారు. మన సుప్రీంకోర్టు కూడా 2022లో, ఇష్టపడి ఈ పని చేసే వయోజనులను పోలీసులు వేధించకూడదని, వాళ్ళకు మర్యాదగా బతికే హక్కు ఉందని చెప్పింది. నా అనుభవంలో పోలీసు దాడి అయిన ప్రతిసారీ ఆడవాళ్ళు ఇంకా చీకటి చోట్లకు పోయారు, కండోమ్‌లు పంచడానికి కూడా మాకు దొరికేవాళ్ళు కాదు. అందుకే చట్టం ఆమె మీద పడొద్దనే అంటాను.

అంతమాత్రాన కొనేవాడు ఆమెను పోషిస్తున్నట్టు మాట్లాడితే ఒప్పుకోను. నిజంగా ఆమె ఇంటికి బియ్యం పంపాలనుకుంటే డబ్బు ఇచ్చి, ఏమీ అడగకుండా రావచ్చు కదా. ఆ పని చేయడానికి ఎవరూ టికెట్ కొనరు. ఇంకో తేడా కూడా ఉంది తమ్ముడూ. నీ నడుము తీసుకున్నారు, అది చిన్న దోపిడీ కాదు. కానీ నువ్వు సిమెంట్ మోస్తూ ఆ మేస్త్రీని ఇష్టపడుతున్నట్టు నవ్వాలని ఎవరూ అడగలేదు. రాత్రి లేబర్ క్యాంపుకు పోయి తలుపేసుకుంటే నీ ఒళ్ళు నీదే. ఆమెకు ఆ తలుపు కూడా లేదు. ఎదుటివాడి ఇష్టం లోపలిదాకా వస్తుంది. అందుకే కూలిపని ఒప్పందంలో కంటే ఇక్కడ 'వద్దు' అనే మాటకు ఇంకా ఎక్కువ బలం ఉండాలి. పేదరికం ముందుగా తినేసేది ఆ బలాన్నే.

ప్రశ్న: మేడం, నేను హనుమకొండలో ఒక ట్రావెల్స్ ఆఫీసులో పనిచేస్తున్నాను. వయసు 24. కొందరు కస్టమర్లు బ్యాంకాక్ ప్యాకేజీ మాట్లాడుతూ "అన్నీ ఉంటాయా" అని నవ్వుతారు. ఈమధ్య ఒకతను బాగా చిన్న వయసువాళ్ళు దొరుకుతారా అని మా సార్‌ను మెల్లగా అడగడం విన్నాను. సార్ విననట్టు ఊరుకున్నారు. నేనేం చేయాలి? ఉద్యోగం పోతుందని భయంగా ఉంది.

జవాబు: చెల్లీ, మొదటి రకం కస్టమర్‌కు టికెట్, హోటల్, సైట్ సీయింగ్ తప్ప ఏమీ లేవని మొహం మీదే చెప్పు. నీ ముందు వెకిలిగా నవ్వితే ఆ మాట నీ సార్‌కు రాతపూర్వకంగా ఇవ్వు, అది నీ పని చోట నీకు జరిగిన వేధింపు.

రెండోది వేరు. అతను అడిగింది నేరం. థాయిలాండ్ 1996 చట్టం ప్రకారం 18 ఏళ్ళలోపు వాళ్ళ విషయంలో ఒప్పుకున్నారా లేదా అన్నదానితో పనిలేదు, డబ్బిచ్చి వెళ్ళినవాడికి జైలు. అక్కడ తప్పించుకొని వచ్చినా సరే, భారత పౌరుడు పరాయి దేశంలో చేసిన నేరానికి కేంద్రం అనుమతితో ఇక్కడ విచారణ జరపవచ్చు. పాత ఐపీసీలోనూ ఉంది, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలోనూ ఉంది. పిల్లలను పర్యాటకుల నుంచి కాపాడడానికి 1990లో థాయిలాండ్‌లోనే ఎక్‌పాట్ అనే ఉద్యమం మొదలైంది. ఇలాంటి మాట వినిపిస్తే సిబ్బంది ఏం చేయాలో నేర్పే నియమావళి 1998 నుంచి ట్రావెల్ సంస్థలకు ఉంది. దాని గురించి నీ సార్‌కు చెప్పు. అలాంటివాడికి టికెట్ బుక్ చేయడం ఆఫీసుకే ప్రమాదం అన్న మాట ఆయన చెవికి త్వరగా ఎక్కుతుంది.

అతను వచ్చిన తేదీ, అడిగిన మాటలు అడిగినట్టే, ఫోన్ నంబరు, ఏ తేదీకి టికెట్ అడిగాడు, ఇవన్నీ ఇప్పుడే ఒక కాగితం మీద రాసి నీ దగ్గర పెట్టుకో. పిల్లల హెల్ప్‌లైన్ 1098కు ఫోన్ చేసి చెప్పు. నీ పేరు బయటపెట్టొద్దని మొదటే అడుగు. అతని ఇంట్లోనో చుట్టుపక్కలో చిన్నపిల్లలు ఉంటే వాళ్ళ గురించి కూడా ఆలోచించాలి కాబట్టి ఆలస్యం చేయకు. ఒక్కదానివే ఫోన్ చేయలేకపోతే ఈ పత్రిక చిరునామాకే మళ్ళీ రాయి, నేను నీ పక్కన కూర్చొని చేయిస్తాను.